ఎర్రబండ హాల్టులో నీడ కూర్చునే వేళ

మౌనం తర్వాత అరవై రెండో ఏడు. ఎర్రబండ హాల్టు పొద్దు పుస్తకం.
రాసేది: నీడకాపరి తిప్పమ్మ.

పుష్య బహుళ ఏకాదశి, బుధవారం. ఆకాశం తేట.

పొద్దున్నే గడియారం ఊడ్చాను. పది గంటల గీత మీద మూడు మేకలు పడుకుని ఉంటే తోలేశాను. పదకొండు గీత మీద ఎవరో టమాటా వరుగులు ఎండబెట్టారు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఊరి ఆడవాళ్లకు గడియారం అంటే ఊడ్చిపెట్టిన కల్లం లాగే కనిపిస్తుంది. వరుగులు ఎత్తి గోనెపట్టా మీద పోశాను. పోస్తూ పోస్తూ నాలుగు నోట్లో వేసుకున్నాను, అది నా కూలి.

ఎనిమిది నుంచి గంటగంటకూ గంట కొట్టాను. మధ్యాహ్నం మామూలే, ముందు గంట ఒకసారి, వెనక గంట ఒకసారి. మా గడియారం దక్షిణం కొసన నేల మట్టంతో మొదలై ఉత్తరం కొసకి ఇద్దరు మనుషుల ఎత్తు లేచే ఏటవాలు రాతిగోడ. పన్నెండు కావస్తుంటే దాని నీడ చప్టా మీద చెక్కిన నడిమి గడిలోకి జరుగుతుంది. నీడ ముందడుగు గడి దాటగానే ఒక గంట. వెనకడుగు గడిలోకి రాగానే రెండో గంట. ఈ రెంటి మధ్య కాసేపు నీడ అటూ ఇటూ పొర్లి గడి నిండా ఉంటుంది. దాన్నే మేం నీడ కూర్చుంది అంటాం. నీడ కూర్చుంటే ఊరు కూర్చుంటుంది. బండి పట్టాల మీద పని చేసేవాళ్లు, వరుగులు కోసేవాళ్లు, నేను, అందరం. ఓబుళవ్వ కుండెత్తుకుని వచ్చి తలా ఒక చెంబు మజ్జిగ పోస్తుంది. అంత సేపూ అది ఉదయమూ కాదు, మధ్యాహ్నమూ కాదు, ఎవరి టైమూ కాదు. నాకు రోజులో అదే ఇష్టం.

ఇంతవరకూ బాగానే ఉంది. మధ్యాహ్నం బండి గార్డు ఒక ఉత్తరం చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. లైను మీది గడియారాలన్నీ చూసే కాల మండలి నుంచి.

"ఎర్రబండ నీడ ఉదయం ఎనిమిదింటికి ఒక నిమిషం, పదింటికి మూడు, పన్నెండుకి నాలుగు నిమిషాలు వెనకబడుతున్నది. మధ్యాహ్నం తర్వాత తేడా లేదు. ఒంటి పట్టా లైనులో రెండు నిమిషాలు మించిన తేడా ప్రమాదకరం. రథసప్తమి నాడు పరీక్షకులు భద్రం గారు వస్తారు. అప్పటికీ తేడా ఉన్నచో హాల్టు రద్దు."

మూడుసార్లు చదివాను. మూడోసారి నవ్వొచ్చింది. ఉదయం అబద్ధం చెప్పి సాయంత్రం నిజం చెప్పే గడియారం ఎక్కడైనా ఉంటుందా? అది మా మరిదికే చేతనవును.

కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎండతో నడిచే మా ఎండబండి ఇక్కడ ఆగకపోతే వరుగులు పద్దెనిమిది కిలోమీటర్లు మోసుకుని పెద్దకోన పోవాలి. బేస్తవారం వచ్చే డాక్టరమ్మ రాదు. ఈ హాల్టు కోసం మా అమ్మ తొమ్మిదేళ్లు కాల మండలి గుమ్మం తొక్కింది. ఆమె తెచ్చింది నా చేతిలో పోతే నేను ఈ పుస్తకం ముట్టుకోవడానికి కూడా తగను.

పుష్య బహుళ త్రయోదశి, శుక్రవారం. ఆకాశం తేట, నా బుర్ర మబ్బు.

అమ్మ వదిలిపోయిన చెక్క త్రికోణం తీసి గోడ వాలు కొలిచాను. పద్నాలుగున్నర డిగ్రీలు. మన ఊరు భూమి మీద ఎంత ఉత్తరంగా ఉందో గోడ అంత వాలి ఉండాలి, అంతే ఉంది. తాడుకి గుండు కట్టి వేలాడదీశాను, గోడ నిటారు. చప్టా మీద నీళ్లు పోశాను, ఎటూ పారలేదు. మేకలు వచ్చి తాగి వెళ్లాయి.

పరీక్షకుల పెట్టె గడియారమే తప్పేమో అనుకున్నాను. మాఘమాసంలో అది ఎండకంటే పద్నాలుగు నిమిషాలు ముందు పోతుంది. ఎండ అన్ని నెలలూ ఒకే నడక నడవదు, పెట్టెకి ఆ సంగతి తెలీదు. అందుకే వాళ్ల దగ్గర సవరణ పట్టిక ఉంటుంది. పట్టిక చూడ్డం మరిచారా? మరిస్తే పద్నాలుగు తేడా రావాలి. పైగా సాయంత్రం కూడా రావాలి. మా లైను నిటారుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది కాబట్టి, పక్క ఊరి మధ్యాహ్నం వేరు అనే సాకు కూడా లేదు.

ఎదుటివాడి తప్పు వెతకడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. ఇవాళ ఆ సుఖం కూడా దక్కలేదు.

అమావాస్య, ఆదివారం. ఎండ మంచిది.

గిన్నె గడియారం దించాను. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నె. తొట్టి నీళ్లలో వదిలితే ఇరవై నాలుగు నిమిషాలకు మునుగుతుంది. పది మునకలు అంటే నాలుగు గంటలు. ఎంచడానికి ఖాసింపీరాని కూర్చోబెట్టాను.

ఖాసింపీరా మా ఊరి మేస్త్రి. నాకంటే మూడు నెలలు చిన్న. ఈ గోడ కట్టింది వాళ్ల తాత. ఏటా రథసప్తమికి గోడకి వేసే సున్నం పసుపు పూత తయారుచేసేది వీళ్ల ఇల్లే. వాళ్ల నాయన కనిపెట్టిన పాకం అది, కరక్కాయ కషాయం, బెల్లం నీళ్లు కలిపి. వేసిన పూత రాలిన పాపాన పోలేదు. సున్నం పది రోజుల ముందే నానేశాడు, చేతులింకా తెల్లగా ఉన్నాయి.

నీడ ఎనిమిది గీత తాకగానే గిన్నె వదిలాం. పదో గిన్నె మునిగేసరికి వెనకడుగు గడిలో ఉండాలి. లేదు. పదకొండో గిన్నె వదిలాం. అది ఎనిమిదో వంతు మునిగాక అప్పుడు వచ్చింది.

"గిన్నెకి చిల్లి పెద్దదైందేమో అక్కా," అన్నాడు ఖాసిం.

"అయితే సాయంత్రం కూడా అట్లే కావల్ల గదా."

ఒంటిగంట నుంచి ఐదింటి దాకా మళ్లీ ఎంచాం. పది గిన్నెలు. ఒక్క చుక్క అటూ ఇటూ లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కాల మండలి చెప్పింది నిజం. ఉదయం పూట నా గడియారం బద్ధకిస్తోంది.

మాఘ శుద్ధ పాడ్యమి, సోమవారం. తేట.

దొరికింది! తొందరలో అక్షరాలు వంకరపోతే పోనీ.

మధ్యాహ్నం మొదటి గంట కొట్టి మజ్జిగ దగ్గర కూలబడ్డాను. ఓబుళవ్వ చెంబు అందించింది. అవ్వకి డెబ్భై ఎనిమిది. మౌనం రాకముందు మనుషుల చేతి గడియారాలు ఆకాశంతో మాట్లాడి వాటంతట అవే సరిచూసుకునేవని చెప్తుంది. ఆకాశం మాట మానేసిన రోజు ఆమెకి పదహారేళ్లు.

"ఏమ్మే తిప్పీ, మొగమట్ల పెట్టినావు? తాగు."

"టైము యాడుందవ్వా, రెండో గంట కొట్టల్ల."

"టైముకేమి, శానా ఉంది. మా కాలంలో అయితే లేకపాయ. ముందు గంటా ఎనక గంటా దాని మీదిది ఇది మోగేవి. గుక్క మింగేలోపల నీడ లేసి పొయ్యేది. ఇప్పుడు చూడు, చెంబు తాగి, మూతి తుడ్సుకోని, కోడలి మీద రెండు మాటలు చెప్పుకున్నా ఇంగా కూసోనే ఉంటాది. ఏడాదేడాదికీ సూర్యనారాయణుడికి మన మీద దయ ఎక్కువైతాంది."

చెంబు కింద పెట్టాను. రెండో గంట కొట్టి, కొలబద్ద తీసుకుని పరిగెత్తాను.

గడి వెడల్పు గోడ మందానికి సరిసమానంగా చెక్కాలి. గోడ ఎంతో గడి అంత. అప్పుడే ముందడుగు దాటడం, వెనకడుగు రావడం ఒకే క్షణంలో జరుగుతాయి. గడి కొలిచాను, పద్దెనిమిది అంగుళాలు. నిచ్చెనెక్కి గోడ అంచు కొలిచాను. పద్దెనిమిది అంగుళాలు, ఆ పైన మూడు వేళ్లు!

నీడ బద్ధకించలేదు. నీడ లావెక్కింది.

ఆ మూడు వేళ్లూ పడమటి వైపే. తూర్పు ముఖాన నల్లరాయి చెక్కినప్పటిలాగే ఉంది. పడమటి ముఖాన అరవై ఒక్క పూతలు. ఎందుకంటే రథసప్తమి పొద్దున సూర్యుడికి వీపు చూపకూడదు. తూర్పుకి తిరిగి నిలబడి పూయాలి. తూర్పుకి తిరిగి గోడ పూయాలంటే గోడకి ఏ పక్క నిలబడాలి? పడమర పక్క! అరవై ఒక్కేళ్లుగా ఊరంతా ఆ ఒక్క పక్కే పూస్తోంది. ఉదయం సూర్యుడు తూర్పున ఉన్నప్పుడు టైము చెప్పేది పడమటి అంచు నీడ. అది మూడు వేళ్లు పడమటికి జరిగి కూర్చుంటే నీడ వెనకబడక ఏం చేస్తుంది? సాయంత్రం టైము చెప్పేది తూర్పు అంచు. దాన్ని ఎవరూ ముట్టలేదు కాబట్టి అది నిజమే చెప్తోంది.

సూర్యుడి మీద భక్తితో సూర్యుడి గడియారం చెడగొట్టాం. నిచ్చెన మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. కింద మేకలు బెదిరిపోయాయి.

మాఘ శుద్ధ తదియ, బుధవారం. తేట. ఊళ్లో ఉక్క.

పూత గీకేయాలి అన్నానో లేదో ఖాసిం లేచి నిలబడ్డాడు.

"మా నాయన చెయ్యి పడిన పూత అది. ఆయన పొయ్యి ఆరేండ్లాయ. ఆయప్ప మిగిల్చి పొయ్యింది అదొక్కటే. దాన్ని గీకమంటావా నువ్వు?"

"హాల్టు పోతే ఆ పూత ఎవురు చూస్తారప్పా? మేకలా?"

"చూస్తే చూడనీ, మేకలకైనా మర్యాద తెలుసు!"

నేనూ తక్కువ తినలేదు. మీ నాయన పాకం అంత గట్టిగా ఉండబట్టే ఊరికి ఈ గతి పట్టింది అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే మాట దాటిపోయింది. ఖాసిం తువ్వాలు దులిపి వెళ్లిపోయాడు.

మిగతా ఊరికి వేరే బాధ. పూత పోతే నీడ కూర్చోదు, నీడ కూర్చోకపోతే మజ్జిగ ఎప్పుడు తాగాలి? వాళ్లని తప్పుపట్టలేను. నాకూ ఆ నాలుగు నిమిషాలంటే ప్రాణం.

సాయంత్రం నేనే ఖాసిం ఇంటికి వెళ్లాను. "తప్పైంది తమ్ముడూ. మీ నాయన పాకం తప్పు గాదు. అంత మంచి పూత ఎయ్యకూడని చోట ఏసినాం, అదీ తప్పు. పైన ఒక మూల జానెడు గీకి చూద్దాం. నీ చేత్తోనే. నీ మనసొప్పకపోతే ఆడికే ఆపేద్దాం."

ఖాసిం చేతుల మీది సున్నం గీక్కున్నాడు. తర్వాత, "రేపు పొద్దున," అన్నాడు.

మాఘ శుద్ధ చవితి, గురువారం. తేట. చాలా మంచి రోజు.

డాక్టరమ్మ కూడా బండి దిగి గోడ దగ్గరే నిలబడింది, పేషెంట్లు అందరూ అక్కడే ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఖాసిం వాళ్ల తాత ఉలి తెచ్చాడు. ఉత్తరం కొసన అంచు కింద జానెడు మేర మెల్లగా కొట్టాడు. పూత పెంకులాగా లేచింది. లోపల రాయి తగిలింది. రాతి మీద గీతలు. ఖాసిం వేలితో సున్నం తుడిచాడు. అక్షరాలు. వాళ్ల తాత ఉలి చెక్కిన అక్షరాలు.

"ఈ అంచుకు ఏమీ పూయరాదు."

అందరం ఒకేసారి ఓబుళవ్వ వైపు తిరిగాం. మొదటి ఏడు నుంచీ ఉన్నది ఆమె ఒక్కతే.

అవ్వ చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "అవునప్పా. మేస్త్రి తాత వద్దనే అనె. మొదటి రథసప్తమి గదా, ఊరంతా కొత్త కొత్తగా ఉంది. గోడ నల్లగా బోసిగా ఉండె. ఒక్క చెయ్యి పసుపు పూస్తే ఏమైతాదిలే అనుకుంటి. ఆ మొదటి చెయ్యి నాదే. నన్ను చూసి అందరూ పూసిరి. తాత నెత్తిన చెయ్యి పెట్టుకోని కూసున్యాడు పాపం."

ఖాసిం భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమో అని దగ్గరికి పోయాను. నవ్వుతున్నాడు! కళ్లలో నీళ్లు కారేట్టు నవ్వుతూ నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాడు.

"అవ్వా, అరవై ఒక్క ఏండ్లు మా తాత నోట్లో పసుపు కుక్కినావే!" అని, నా వైపు తిరిగి, "ఇంగ నువ్వు పక్కకి జరుగక్కా. ఇది మా ఇంటి పని," అన్నాడు.

మాఘ శుద్ధ షష్ఠి, శనివారం. తేట. ఒళ్లంతా సున్నం.

రెండు రోజుల్లో మొత్తం వచ్చేసింది. ఖాసిం గీకనివ్వలేదు. పలకలు పలకలుగా ఊడదీయించాడు. ఒక్కో పలక అంచున అరవై ఒక్క చారలు. లేత పసుపు, ముదురు పసుపు, పసుపు కరువైన ఏడు జాజు ఎరుపు, ఎవరో నీలిమందు కలిపిన ఏడు సగం ఆకుపచ్చ. జనం వేలు పెట్టి పై నుంచి ఎంచుకుంటూ పెళ్లయిన ఏడు, బావి తవ్విన ఏడు, బండి మొదటిసారి ఆగిన ఏడు వెతుక్కున్నారు. ఎంచడంలో తప్పు వచ్చి మా మరిది తన పెళ్లిని నాలుగేళ్లు వెనక్కి జరిపాడు, తోడికోడలు ఊరుకోలేదు.

ఒక పలక మాత్రం మధ్యకి విడిపోయింది. పద్దెనిమిదో పూత దగ్గర. ఆ ఏడు ఊరికి బెల్లం రాలేదట, పాకం పట్టు తప్పింది. విడిపోయిన చోట రెండు చిన్న చేతుల గుర్తులు. ఏటా ఆ సంవత్సరం పుట్టిన పిల్లల చేతులు పచ్చి పూత మీద అద్దిస్తారు. పద్దెనిమిదో ఏడు ఊళ్లో పుట్టింది ఇద్దరే. నేను, ఖాసిం.

నా గుర్తు పక్కన ఒక పెద్ద బొటనవేలి గుర్తు కూడా ఉంది. నా చెయ్యి పట్టుకుని అద్దిన అమ్మది. దాని మీద నా వేలు పెట్టి చూశాను. సరిపోయింది. చాలా సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది, రెండూ దాచుకోలేదు.

"నీది వంకరగా పడింది," అన్నాడు ఖాసిం.

"నీది సున్నం మింగబోతుంటే పడింది, మా అమ్మ చెప్పింది."

పలకలన్నీ మజ్జిగ కుండ పక్కన పేర్చి ఖాసిం ఒక పొడుగాటి అరుగు కట్టాడు, వెనక ఆనుకోవడానికి మోకాలెత్తు పిట్టగోడతో. రేపటి నుంచి పూత దానికే. ఎంత లావెక్కినా ఎవరి టైమూ చెడదు.

మాఘ శుద్ధ సప్తమి, ఆదివారం. రథసప్తమి. ఆకాశం కడిగిన కంచంలా ఉంది.

తెల్లవారగానే తలమీద జిల్లేడాకులతో స్నానాలు. తూర్పుకి తిరిగి అరుగు పిట్టగోడకి అరవై రెండో పూత. ఈ ఏడు పుట్టిన అయిదుగురు పిల్లల చేతులు అద్దించాం.

తొమ్మిదింటి బండికి పరీక్షకులు భద్రం గారు దిగారు. గోదావరి వైపు మనిషి, సన్నగా, గంభీరంగా, గుండెకి ఆనించుకున్న చెక్కపెట్టెలో గడియారంతో. "ఆయ్, నమస్కారమండి. తిప్పమ్మ గారంటే మీరేనాండి?" అని, ఆ తర్వాత మూడు గంటలూ ఒకటే పని. నీడ చూడ్డం, పెట్టె చూడ్డం, పట్టిక చూడ్డం, రాసుకోవడం. పదింటికి ఆయన కనుబొమ్మ లేచింది. పదకొండుకి రెండోది లేచింది. నేను మళ్లీ ఒకసారి గడి ఊడ్చాను.

పన్నెండు కావస్తుంటే ఊరంతా గడి చుట్టూ చేరింది. నేను గంటల దగ్గర రెండు తాళ్లూ రెండు చేతుల్లో పట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా పట్టుకోలేదు. నీడ జరిగింది. జరిగింది. గడిలో అచ్చుగుద్దినట్టు ఒదిగింది. రెండు తాళ్లూ కలిపి లాగాను.

రెండు గంటలూ ఒక్క గంటలా మోగాయి.

"సున్నా అండి," అన్నారు భద్రం గారు. "తేడా అసలేమీ లేదండి!"

ఖాసిం నన్ను భుజాలు పట్టుకుని ఊపేశాడు. పిల్లలు కేకలు పెట్టారు. ఆ తర్వాత కేకలు తగ్గాయి. నీడ అప్పుడే గడి దాటి పోతోంది. అందరి చేతుల్లో ఖాళీ చెంబులు. పని మీదికి పోవాలా, ఉండాలా? ఎవరికీ తెలీలేదు. గెలిచాం, కానీ మా నాలుగు నిమిషాలు పోయాయి.

ఓబుళవ్వ కుండ నెత్తిన పెట్టుకుని గుంపులోంచి నడిచి వచ్చింది. కొత్త అరుగు మీద చతికిలబడింది.

"నీడ కూసోకుంటే ఏమప్పా? మనకి కాళ్లు లేవా కూసోడానికి?" అంది. "రా సామీ, నువ్వు గూడా రా. పొద్దున్నుంచి ఎండలో నిలబడినావు."

భద్రం గారు పెట్టె పక్కన పెట్టి కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక ఊరు కూర్చుంది. కరివేపాకు, అల్లం వేసిన మజ్జిగ. మొదటి చెంబు గంభీరంగా తాగారు. రెండోది అడిగి తాగారు. అరుగు అంచున చారలు చూసి అవేమిటని అడిగితే అవ్వ తన దొంగపని మొదటి నుంచి చెప్పింది. అంత నవ్వు ఆ మనిషిలో ఎక్కడ దాచుకున్నారో తెలీదు.

ఈలోగా మధ్యాహ్నం బండి వచ్చి ఆగింది. డ్రైవరూ దిగాడు, గార్డూ దిగాడు. ఉత్తరం తెచ్చిన గార్డే. ఇప్పుడు నా మొహం చూశాడు. చెంబు ఇచ్చాను.

భద్రం గారు లేచి, పెట్టె తెరిచి చూసి, మండలి కాగితం మీద రాయడం మొదలెట్టారు. పక్క నుంచి తొంగి చూశాను. "ఎర్రబండ. తేడా: లేదు. హాల్టు: కొనసాగించవలెను. మధ్యాహ్నం బండి ఆగు సమయం: రెండు నిమిషాలు." అక్కడ కలం ఆగింది. చెంబు వైపు చూశారు. రెండు కొట్టేసి, ఆరు అని రాశారు.

"రెండు బండికండి," అన్నారు, మూతి తుడుచుకుంటూ. "మిగతాది మీరు చూసుకోండి."

నేటి తేడా: సున్నా.
నేటి మజ్జిగ: నాలుగు నిమిషాలు.